వేసవియందు కొల్లేటి పక్షులు

పక్షులను చూడవలెనన్న శీతకాలమే తగిన కాలమని పలువురు తలంతురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. అక్టోబరు, నవంబరు మాసములలో హిమాలయములకు ఆవలి దేశములనుండి సూదితోక బాతులు మున్నగు అతిథులు మన సరస్సులకు వచ్చి, మార్చి, ఏప్రిల్ మాసములలో మరల స్వస్థలములకు పోవును. అవి పోయిన పిమ్మట ఇక చూచుట కేమున్నదని మనము దుర్భిణిని పెట్టెలో పెట్టుదుము. నేనును చిరకాలము అట్లే తలంచినవాడను. కాని అతిథులు వెళ్లిన తరువాతనే గదా యింటివారి సంసారము తెలియుట! గత ఏప్రిల్ మాసమున మన పాఠశాల విద్యార్థులను 14 మందిని వెంటబెట్టుకొని కొల్లేటికి పోయినప్పుడు నేను నేర్చుకొనిన పాఠ మిది. అందు సగము కన్నులతో నేర్చితిని. తక్కిన సగము నా తప్పిదమువలన నేర్చితిని. రెండును ఇందు వ్రాయుచున్నాను.

1. సరస్సు

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లపు నేల. బుడమేరు, తమ్మిలేరు మున్నగు వాగుల నీరు ఇందులో చేరును. అధికమైన నీరు ఉప్పుటేరు మార్గమున బంగాళాఖాతమునకు పోవును. వర్షకాలమున వరదనీటిని తనలో నిలుపుకొని, చుట్టునున్న గ్రామములను ముంపునుండి కొంతవరకు కాపాడుటయు ఈ సరస్సు చేయు నుపకారమే. 1999 వ సంవత్సరమున ప్రభుత్వమువారు దీనిలో 308 చదరపు కిలోమీటర్ల భాగమును వన్యప్రాణి సంరక్షణ స్థలముగా ప్రకటించిరి. సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తువరకు గల నేల యెల్ల ఆ హద్దులో చేరినది. ఇరాన్ దేశమందలి రామ్‌సార్ పట్టణమున 1971 లో చిత్తడి నేలల రక్షణకై దేశము లొక యొడంబడిక చేసికొనినవి. 2002 లో కొల్లేరు ఆ యొడంబడిక పట్టికలో చేరెను.

వేసవిలో నీరు వెనుకకు తగ్గును. విశాలముగా పరచుకొన్న నీరు చిన్న చిన్న మడుగులుగా విడిపోవును. చేపలును నత్తలును ఆ కొంచెము నీటిలోనే ఒదిగియుండవలసివచ్చును. కావున పక్షులు కూడ అచ్చటనే గుమిగూడును. శీతకాలమున మైళ్లకొలది వెదకి చూడవలసిన వానిని వేసవిలో ఒక్క గట్టుమీద కూర్చుండి చూడవచ్చును.

2. చూచిన పక్షులు

మేము కైకలూరు ప్రక్కనున్న ఆటపాకకు తెల్లవారుసరికి చేరితిమి. బయలుదేరుటకు ముందే పిల్లల కొక నియమము చెప్పియుంటిని: పక్షి కనబడగానే దాని పేరు అడుగరాదు. ముందు దాని పరిమాణమును, ముక్కును, కాళ్లను చూచి, అది యేమి చేయుచున్నదో గమనించి పుస్తకమున వ్రాయవలెను, పేరు తరువాత. పేరు తెలియగానే చూచుట మానుట మనకందరకు గల దురభ్యాసము.

మొదట కనబడినది గుడ్డికొంగ. మనిషి మిక్కిలి చేరువకు పోవువరకు కదలక నిలుచుటచేత జనులు దానికి చూపు లేదందురు. నిజమునకు దాని చూపు మిక్కిలి తీక్ష్ణము. కదలకుండుటయే దాని వేట. సంవత్సరమున అధికభాగము మట్టిరంగుతో నుండు నీ పక్షి, సంతానకాలమగు వేసవి వచ్చుసరికి వీపున ముదురు ఎఱుపు గోధుమ వన్నె దాల్చును. మా పిల్లలలో నొకరు దానిని రెండు వేర్వేరు జాతులుగా లెక్కించిరి. ఆ పొరపాటు వేసవిలో పక్షులను చూచు ప్రతివాడును ఒకమారు చేయునదే.

పిమ్మట నత్తగుల్ల కొంగలు. వీని రెండు దవడలును మూసినప్పుడు సయితము నడుమ సందు మిగులును. పిల్లలకు పుట్టుకతో ఆ సందుండదు, పెరిగినకొలది యేర్పడును. నత్తను పట్టి, క్రింది దవడ మొనను చిప్పలోనికి దూర్చి, లోని మాంసమును చిప్పనుండి విడదీసి తినుట చూచితిమి. మా గడియారము ప్రకార మొక నత్తకు పట్టినది అర నిమిషముకూడ లేదు.

నీలిబొల్లికోడి ఎఱ్ఱని ముక్కుతో, ఎఱ్ఱని కాళ్లతో తుంగలో తిరుగుచు, లేత కాడను పెరికి, కాలివ్రేళ్లతో పట్టుకొని నోటికి అందించుకొనుచుండెను. తామరాకులపై పొడుగైన వ్రేళ్లతో నడచు పక్షికి ఈ కాలమున పొడవైన తోక వచ్చును. ఈ జాతిలో ఆడుది గ్రుడ్లు పెట్టి పోవును. పొదుగుటయు పిల్లలను సాకుటయు మగపక్షి పని. ఈ మాట విని బాలికలు మిక్కిలి సంతసించిరి.

ఆటపాకయందు అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు గూళ్లు కట్టును. రైతులు నీరు తోడు గూడను తలపించు సంచి దీని క్రింది దవడకు వ్రేలాడును. నీటితోపాటు చేపను సంచిలోనికి తీసికొని, ముక్కు వంచి నీరు కార్చివేసి, చేపను మ్రింగును. మేము పోవుసరికి పిల్లలు చాలవరకు పెద్దవై, ఎగురుటకు రెక్కలు సవరించుకొనుచుండెను.

3. ఎండయు పక్షులును

ఎండ ముదిరినకొలది మరియొక పాఠము ఆరంభమైనది. పక్షులకు చెమట పట్టదు. మరి యీ యెండను అవి యెట్లు భరించును? గూడబాతులును నీటికాకులును నోరు తెరచి, గొంతు చర్మమును వడివడిగా అదరించుచుండెను. తడిగొంతుపై గాలి ఆడి శరీరము చల్లబడును. నత్తగుల్ల కొంగలు తమ కాళ్లపై తామే రెట్టవేసికొనును. ఆ తడి ఆరునప్పుడు కాళ్లలోని రక్తము చల్లబడును. ఎండకాలమున వాని కాళ్లు సున్నము పూసినట్లు కనబడుటకు కారణ మిదియే. బాలురు నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఆ కాళ్లను చూచి ఎండ యెంత తీవ్రమో చెప్పవచ్చునన్న సంగతి వారు తమ పుస్తకములలో వ్రాసికొనిరి.

4. తీతువు కూత

పదునొకండు గంటలకు భోజనమునకై గట్టుమీది తుమ్మచెట్టు నీడను కూర్చుంటిమి. కూర్చున్నది మొదలు రెండు తీతువులు మా తలలపై తిరుగుచు, మాటిమాటికి క్రిందికి వ్రాలినట్లు వచ్చుచు, విడువక కూయసాగెను. ఒక బాలుడు అన్నము కలుపుట మాని నాతో నిట్లనెను:

“మాస్టారూ, తీతువు కూస్తోందండీ. కీడంటుంది మా నాయనమ్మ.”

సమయము దొరికినదని నేను మూఢనమ్మకములను గూర్చి ఉపన్యాసము ప్రారంభించితిని. పక్షి కూతకును మనుష్యుని భాగ్యమునకును సంబంధము లేదని దృష్టాంతములతో నిరూపించితిని. ఇట్లు అరగంట గడచినది. అంతట వల భుజముపై వేసికొని గట్టువెంట పోవుచున్న యొక వృద్ధుడు నిలిచి మమ్ము చూచెను.

“మేష్టారండీ, పిల్లల్ని లేపండి. దాని గుడ్లు అదిగో అక్కడున్నాయి. ఎండకి ఉడికిపోతున్నాయి.”

ఆయన చూపినచోట మాకు మొదట రాళ్లు తప్ప మరేమియు కనబడలేదు. మాకు పదునైదు గజముల దూరమున, చెట్టునీడ సోకని బోడినేలపై, మట్టిరంగున నల్లని మచ్చలు గల నాలుగు గ్రుడ్లు, సన్నని కొనలు లోపలికి చేర్చబడి యుండెను. గూడన్న పేరేగాని పుల్లయైన లేదు. అప్పటికప్పుడు అందరము లేచి, నూరు గజముల దూరమునకు పోయి నిలిచితిమి.

ఒక తీతువు నేలపై దిగెను. నాలుగడుగులు పరుగెత్తి ఆగి, మరల పరుగెత్తి ఆగి, నేరుగా గ్రుడ్లయొద్దకు పోక ముందు ప్రక్కనున్న కాలువలో దిగి, పొట్ట నీట తాకునట్లు కూర్చుండెను. పిమ్మట ఆ తడి ఈకలతో వచ్చి గ్రుడ్లపై నిలిచెను.

పొదుగుట యనగా వేడిచేయుటయని మన మెఱుగుదుము. వేసవి మధ్యాహ్నమున తీతువు పొదుగునది గ్రుడ్లను చల్లగా నుంచుటకు. ఏప్రిల్ ఎండలో బోడినేల 50 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి కాగును. గ్రుడ్డులోని పిండము పెరుగుటకు 37, 38 డిగ్రీల వేడిమి చాలును; 42 డిగ్రీలు దాటి చాలసేపున్నచో అది జీవింపదు. తల్లిదండ్రులు వంతులవారీగా నీడయిచ్చి, పొట్ట తడిపి తెచ్చి, దినదినమును ఆ కొలది డిగ్రీల యంతరమును కాపాడుచుండును. మేము ఆ నీడను అరగంటసేపు తొలగించితిమి.

మూడు వారముల తరువాత నేనొక్కడనే పోయి ఆ వృద్ధుని కలిసికొంటిని. రెండు పిల్లలు దిగినవనియు, రెండు గ్రుడ్లు అట్లే యుండిపోయినవనియు చెప్పెను. ఆ రెండును మా మూలముననే చెడెనో, వేరు కారణముననో నేను చెప్పజాలను. చెప్పజాలకుండుటయే నాకు భారముగా నున్నది.

తిరిగివచ్చి ఆ బాలునితో నిట్లంటిని: “మీ నాయనమ్మగారి మాటలో సగము నిజమున్నది. తీతువు కూత కీడునే తెలుపును. అయితే ఆ కీడు మనకు కాదు, మనవలన దానికి.” పంచతంత్రమున సముద్రము తన గ్రుడ్లను హరింపగా దానితో వాదమునకు దిగిన టిట్టిభము కథ మీరు చదివియున్నారు. ఆ టిట్టిభము ఈ జాతి పక్షియే. దాని కూతలోని యర్థమును ఆ కథ చెప్పినవారు మనకంటె బాగుగ నెఱిగియుండిరి.

5. చూచువారి ధర్మములు

ఆ దినము మొదలు మేము పాటించుచున్న నియమము లివి.

ఒకటి: వేసవిలో ఉదయము తొమ్మిది గంటలకు ముందే నేలపై గూళ్లుండదగిన చోట్లు దాటిపోవలెను. ఎండ ముదిరిన పిమ్మట అచ్చట నిలువరాదు.

రెండు: ఒక పక్షి మన తలపై తిరిగి విడువక కూసిన, మనము దాని గూటికి చేరువనున్నామని యెఱిగి, అడుగుపెట్టుచోటు చూచుకొనుచు వచ్చిన దారినే మరలవలెను. గూడు వెదకరాదు.

మూడు: గ్రుడ్లను తాకరాదు, వాని ప్రక్క గుర్తులు నాటరాదు, గుంపుగా నిలిచి ఫొటోలు తీయరాదు. మన జాడపట్టి కాకులును కుక్కలును వచ్చును.

నాలుగు: మనము చేరువైనందున పక్షి తన పని మానినచో మనము చూచునది దాని జీవితము కాదు, దాని భయము. అది మరల తన పనిలో పడువరకు వెనుకకు జరుగవలెను.

6. వ్రాసియుంచుటవలన ప్రయోజనము

తల్లిదండ్రులలో కొందరు ఈ పక్షుల లెక్కలవలన పరీక్షలకు లాభమేమని యడుగుదురు. వారికొక సంగతి విన్నవించుచున్నాను. 1946 వ సంవత్సరమున కె. కె. నీలకంఠన్ గారు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతుల గూళ్ల సమూహమును కనుగొని, చూచినదానిని వ్రాసి ప్రకటించిరి. ఆయన కేరళీయులు, వృత్తిచేత ఆంగ్లభాషోపాధ్యాయులు. తరువాత 1958 లో కేరళ పక్షులపై మలయాళమున ప్రసిద్ధమైన గ్రంథమును వెలువరించిరి. ఆరేటి గూళ్లను పక్షులు తరువాతి దశాబ్దములలో విడిచిపోయినవి. అచ్చట నేమి యుండెనో, ఏమి పోయెనో నేడు మన మెఱుగుట ఆయన వ్రాసియుంచినందుననే.

కొల్లేటిలో చేపల చెరువులు పెరిగి నీటిమార్గములు మూసికొనిపోగా, 2006 లో ప్రభుత్వమువారు సంరక్షణ స్థలములోని చెరువుల గట్లను పెద్దయెత్తున తెగగొట్టించిరి. సరస్సుకు స్థలమెంత, మనుష్యుని జీవనమునకు స్థలమెంత యన్న వాదము నేటికిని ముగియలేదు. గట్టువెంట మాకు కనబడిన ఆ వృద్ధునికిని బ్రదుకు ఆ నీటిమీదనే. ఇట్టి వాదములు న్యాయముగా తీరవలెనన్న, ఏ సంవత్సరము ఏ పక్షి యెచ్చట పొదిగెనో చూచి నిజము వ్రాసినవారు కావలెను. అందులకు విలువైన దుర్భిణి అక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక పెన్సిలు, ఓపిక చాలును.

7. అభ్యాసము

విద్యార్థులారా, రాబోవు వేసవి సెలవులలో మీ ఊరి చెరువునో కుంటనో ఎన్నుకొని, వారమున కొకసారి సూర్యోదయ సమయమున పోయి యీ సంగతులు వ్రాయుడు: తేది, వేళ, నీరు గట్టునుండి ఎన్ని అడుగులు తగ్గినది; కనబడిన పక్షులెన్ని; వానిలో నోరు తెరచి గొంతు అదరించున వెన్ని; గుడ్డికొంగ వీపు ఏ వారమున రంగు మారినది; ఏ పక్షి మిమ్ము చూచి కూసినది, ఎంత దూరము పోయిన పిమ్మట ఊరకున్నది.

ఈ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబును గజములలో వ్రాసి, పాఠశాల తెరచినప్పుడు నాకు చూపుడు. ఆ గజముల లెక్కను నేను పోయిన వేసవిలో ఎఱుగను. మీరు నాకంటె ముందుగా నేర్చుకొందురుగాక.