అభిమాని రూపచిత్రం

లలితకళలలో రూపచిత్రణకు విశిష్ట స్థానమున్నది. రాజులను, కవులను, గాయకులను చిత్రకారులు అనాదిగా చిత్రిస్తూనే ఉన్నారు. అయితే గాయకుని ఎదుట కూర్చుని పరవశించే శ్రోతను చిత్రించినవారు మిక్కిలి అరుదు. శ్రోత లేనిదే గాయకునికి కీర్తి లేదు గదా! ఆ శ్రోత ముఖంలో మనం గమనింపవలసినదేమిటో విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

పాశ్చాత్య దేశాలలో రాక్ సంగీతానికి గల ఆదరణ విద్యార్థిలోకం ఎరుగనిది కాదు. జేమ్స్ మాలిసన్ అనే ఛాయాచిత్రకారుడు కచేరీశాలల వెలుపల నిలిచి, గాయకులకు బదులు వారి అభిమానులను చిత్రించాడు. ఆ చిత్రాలు 2008లో ‘ది డిసైపుల్స్’, అనగా ‘శిష్యులు’ అనే పేరుతో గ్రంథంగా వెలువడ్డాయి. ఒక్కొక్క కచేరీకి వచ్చినవారి చిత్రాలను పక్కపక్కన పేర్చి చూపడం ఆయన పద్ధతి. కేశాలంకరణలో, వస్త్రధారణలో, నిలుచున్న భంగిమలో వారిలో పలువురు తమ ఆరాధ్య గాయకులను అనుకరించడం అందులో స్పష్టంగా కనబడుతుంది. మెచ్చినవారివలె తామూ కనబడాలన్న ఈ కోరిక అభిమానానికి తొలి మెట్టు.

తెలుగునాట ఈ అభిమానం వేరొక రూపం దాల్చింది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) పరమపదించిన పిదప ఆయన చిత్రపటానికి పూలమాల వేసి, ఆయన పాటలనే పాడి నివాళులర్పించడం ఊరూరా ఆచారమయింది. అట్టి సభలను పలుచోట్ల ఆరాధనోత్సవాలని వ్యవహరిస్తారు. ఆరాధన అనగానే సంగీతప్రియులకు స్ఫురించేది తమిళదేశంలోని తిరువయ్యారు. తెలుగులో కీర్తనలు రచించిన త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందినది అక్కడనే.

ఆ మహనీయుని సమాధి కాలక్రమాన శిథిలమయింది. ఆ సంగతి 1921లో బెంగుళూరు నాగరత్నమ్మగారికి తెలిసింది. ఆమె దేవదాసీ కుటుంబంలో జన్మించి, గానవిద్యలో ప్రఖ్యాతి గడించిన విదుషి. తన ధనాన్ని వెచ్చించి సమాధిస్థలంలో ఆలయం నిర్మింపజేసింది; 1926లో ప్రతిష్ఠ జరిగింది. అయినను, ఆమె నిర్మించిన ఆ ఆలయం ముందే, ఆరాధనోత్సవంలో స్త్రీలు పాడరాదన్న కట్టుబాటు ఆమెకు అడ్డుపడింది. ఆమె అలిగి వెడలిపోలేదు. 1927లో స్త్రీలను కూర్చుకొని వేరుగా ఆరాధన నడిపింది. 1940 ప్రాంతంలో పక్షాలన్నీ ఏకమైనపుడు స్త్రీలకు ఆ వేదికపై గానం చేసే హక్కు లభించింది.

ఆమె 1952లో కన్నుమూసింది. త్యాగరాజస్వామి సన్నిధికి అభిముఖంగా, చేతులు జోడించి కూర్చున్న ఆమె విగ్రహాన్ని నేటికీ అక్కడ చూడవచ్చు. అభిమానికి మన దేశంలో వెలసిన రూపచిత్రాలలో ఇంతకంటె గొప్పది మరొకటి ఉండబోదని నా అభిప్రాయం. అందులో అనుకరణ లేదు. ఆమె వేషం ఆమెదే, ముఖం ఆమెదే. చూపు మాత్రం స్వామిపై నిలిచి ఉంది.

ఉర్దూ సాహిత్యం అభ్యసించే మిత్రులకు ఇట్టిదే మరొక దృశ్యం సుపరిచితం. కవి, సంగీతజ్ఞుడు అయిన అమీర్ ఖుస్రో, ఆయన గురువు హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా ఇరువురూ 1325లోనే గతించారు. ఢిల్లీలో గురువు దర్గా ఆవరణలోనే శిష్యుని సమాధి ఉన్నది. అక్కడ విగ్రహం లేదు, చిత్రపటం లేదు. గురువు చెంత శిష్యుడు కోరుకున్న చోటే అతని భక్తిని చాటుతున్నది. మతాలు వేరైనా, తిరువయ్యారు చెప్పే మాటనే ఢిల్లీ కూడ చెబుతున్నది.

విద్యార్థి మిత్రులారా! చేనేతకు పేరొందిన మన బండారులంకలో పాట వింటూ మగ్గం నేసే శ్రమజీవి ముఖాన్ని ఒక్కసారి పరిశీలించండి. కుంచె పట్టగలవారు చిత్రించండి. లేనివారు మాటలలో వర్ణించండి. అతడు ఏ గాయకుని ఇష్టపడతాడని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఆ పాట అతని శ్రమకు ఏమి తోడ్పడినది, ఆ పాట కొరకు అతడు ఏమి విడిచినాడు, ఎవరికి నేర్పినాడు అని కూడ అడగండి. గాయకుని దుస్తులు ధరించడం ఎవరికైనా సులభమే. అతని పాట నిలిచేటందుకు తన వంతు కృషి చేసినవాడే నిజమైన అభిమాని. అట్టివారి రూపచిత్రాలు మన యువకుల చేతులమీదుగా వెలువడగలవని ఆశిస్తున్నాను.