పాఠం 14 : మనం అడగని సేవకు మన పేరున బిల్లు

14.1 ప్రస్తావన

ఇంటి ఖర్చుల పద్దులో బియ్యం, నూనె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులతో పాటు ఇప్పుడు ఫోన్ రీచార్జి కూడా చేరింది. బియ్యం కొనేటప్పుడు తూకం చూస్తాం. చిల్లర లెక్కపెట్టుకుంటాం. కాని ఫోన్‌లో వేసిన డబ్బు ఎలా ఖర్చయిందో మనలో ఎంతమంది చూస్తున్నారు?

ఒక ఉదాహరణ చూద్దాం. కుట్టుపని చేసుకునే ఒక మహిళ ఫోన్‌లో 100 రూపాయల బ్యాలెన్సు ఉంది అనుకోండి. ఆమె ఎవరికీ కాల్ చేయలేదు. అయినా నాలుగు రోజుల తరువాత 80 రూపాయలే మిగిలాయి. రోజుకు 5 రూపాయల చొప్పున ఎవరో తీసుకుంటున్నారు. ఐదు రూపాయలే కదా అని వదిలేస్తే అది నెలకు 150, సంవత్సరానికి 1,825 రూపాయలు అవుతుంది. కంపెనీ వారిని అడిగితే, “ఈ సేవ కావాలని మీ నంబరు నుంచే కోరారు” అన్నారు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. కంపెనీ రికార్డులో కూడా అలాగే ఉంది. మరి కోరింది ఎవరు?

కోరింది ఆమె ఫోనే. ఆమెకు తెలియకుండా ఫోన్‌లో చేరిన ఒక ప్రోగ్రాం ఆ పని చేయించింది. ఈ పాఠంలో ఆ మోసాన్ని గురించి, దానిని ఎదుర్కొనే పద్ధతిని గురించి తెలుసుకుందాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• ఫోన్ ఖర్చు పెంచే దొంగ ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు;
• మీ ఫోన్‌లో అలాంటిది ఉన్నదేమో గుర్తించగలుగుతారు;
• పోయిన డబ్బు కోసం క్రమపద్ధతిలో ఫిర్యాదు చేయగలుగుతారు;
• మోసం జరగకుండా ముందు జాగ్రత్తలు తీసుకోగలుగుతారు.

14.3 దొంగ ప్రోగ్రాం అంటే ఏమిటి?

ఫోన్ గాని, కంప్యూటర్ గాని తనంతట తాను ఏ పనీ చేయదు. ప్రోగ్రాం చెప్పినట్లు చేస్తుంది. సెల్‌ఫోన్‌లో ఇలాంటి ప్రోగ్రాంను యాప్ అంటున్నాం. చాలా యాప్‌లు మనకు ఉపయోగపడేవే. కొన్ని మాత్రం పైకి ఆటగానో, ఫొటోలు అందంగా చేసే సాధనంగానో కనిపించి, లోపల వేరే పని చేస్తాయి. వీటిని ఈ పాఠంలో దొంగ ప్రోగ్రాంలు అని పిలుద్దాం.

మామూలు దొంగ మన జేబులోంచి డబ్బు తీసుకుంటాడు. ఈ దొంగ అలా చేయడు. మన పేరు చెప్పి అంగడిలో అరువు పెడతాడు. అంగడివాడి ఖాతాలో మన పేరే ఉంటుంది. అందుకే ఈ మోసంలో పోగొట్టుకున్నవారు “నేను కోరలేదు” అని నోటితో చెబితే చాలదు, ఆధారం చూపవలసి వస్తుంది. ఈ విషయం పాఠం చివరిదాకా గుర్తుంచుకోండి.

14.4 ఈ మోసం ఎలా మొదలైంది?

ఇది సెల్‌ఫోన్‌తో పుట్టిన మోసం కాదు. 1990లలో ఇంటర్నెట్ వాడాలంటే కంప్యూటర్‌ను మోడెమ్ ద్వారా ఇంటి టెలిఫోన్ లైనుకు కలిపేవారు. కంప్యూటరే ఒక నంబరుకు డయల్ చేసేది. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న ఈ పద్ధతిలోనే మొదలైంది.

కంప్యూటర్ డయల్ చేయగలదంటే, దాని చేత తప్పుడు నంబరుకు కూడా డయల్ చేయించవచ్చు. అమెరికాలో 1997లో సరిగ్గా ఇదే జరిగింది. ఉచితంగా బొమ్మలు చూపిస్తామని చెప్పి ఒక ప్రోగ్రాంను కంప్యూటర్‌లో వేయించేవారు. ఆ ప్రోగ్రాం మొదట మోడెమ్ శబ్దం వినిపించకుండా ఆపేది. తరువాత మామూలు కనెక్షన్‌ను తెంచి, దూరదేశమైన మోల్దోవా నంబరుకు డయల్ చేసేది. బొమ్మలు చూడడం మానేసినా లైను తెగేది కాదు. నెలాఖరున బిల్లు చూసి జనం నివ్వెరపోయారు. అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకు వెళ్లడంతో వేలమందికి డబ్బు తిరిగి వచ్చింది.

తరువాత ఈ మోసం సెల్‌ఫోన్‌లకు పాకింది. 2010 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్‌లలో ఎస్.ఎం.ఎస్.లు పంపి డబ్బు కాజేసే మొదటి ప్రోగ్రాం బయటపడింది. అది వీడియోలు చూపే యాప్‌గా నటిస్తూ రష్యాలోని ఖరీదైన నంబర్లకు ఎస్.ఎం.ఎస్.లు పంపేది. 2017 నుంచి ‘జోకర్’ అనే దొంగ ప్రోగ్రాం ఎన్నో యాప్‌లలో దాగి కనిపించింది. ఈ కుటుంబానికి చెందిన 1,700 యాప్‌లను తొలగించినట్లు 2020 జనవరిలో గూగుల్ సంస్థ తెలిపింది. పేరున్న దుకాణంలో కూడా కల్తీ సరుకు దొరకవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

14.5 డబ్బు పోయే మూడు దారులు

(అ) కాల్ ద్వారా : ప్రోగ్రాం గాని, మోసగాడు గాని విదేశీ నంబరుకు కాల్ చేయిస్తాడు. తెలియని విదేశీ నంబరు నుంచి ఒక్క రింగు ఇచ్చి పెట్టేసే మిస్డ్ కాల్ కూడా ఇలాంటి ఎరే. మీరు తిరిగి కాల్ చేస్తే నిమిషాల లెక్కన ఛార్జి పడుతుంది.

(ఆ) ఎస్.ఎం.ఎస్. ద్వారా : కొన్ని పొట్టి నంబర్లకు ఎస్.ఎం.ఎస్. పంపితే మామూలుకన్నా ఎక్కువ ధర ఉంటుంది. ప్రోగ్రాం మీకు తెలియకుండా వాటికి సందేశాలు పంపుతుంది.

(ఇ) నేరుగా బిల్లులో కలపడం ద్వారా : ఆటలు, పాటలు, జాతకాల వంటి అదనపు సేవల ధరను కొన్నిచోట్ల ఫోన్ బ్యాలెన్సు నుంచే తీసుకుంటారు. మొబైల్ డేటా వాడుతున్నప్పుడు మీ నంబరు ఏదో కంపెనీకి తెలుస్తుంది. మీరు టైపు చేయనక్కరలేదు. అందుకే దొంగ ప్రోగ్రాం ముందుగా వై-ఫై ఆపి ఫోన్‌ను మొబైల్ డేటాకు మారుస్తుంది. తెర వెనుక సేవ పేజీ తెరుస్తుంది. ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్‌ను తానే నొక్కుతుంది. ఓ.టి.పి. వస్తే తానే చదివి పంపుతుంది. చివరకు మీకు వచ్చిన సందేశం కూడా కనిపించకుండా చేస్తుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2022లో ఈ క్రమాన్ని వివరంగా ప్రకటించారు.

ఈ పనులలో కొన్నింటికి ప్రోగ్రాంకు మీ అనుమతి కావాలి. ‘ఎస్.ఎం.ఎస్. చదవవచ్చునా?’, ‘నోటిఫికేషన్లు చూడవచ్చునా?’ అని ఫోన్ అడిగినప్పుడు మనం చదవకుండా ‘సరే’ నొక్కుతాం. ఇంటి తాళం చెవి మనమే ఇస్తున్నామన్నమాట.

పాఠగత ప్రశ్నలు 14.1

ఖాళీలు పూరించండి :
1. 1997 నాటి మోసంలో కంప్యూటర్లు .................... దేశపు నంబరుకు డయల్ చేశాయి.
2. సేవ ధరను నేరుగా బిల్లులో కలిపించడానికి దొంగ ప్రోగ్రాం ముందుగా .................... ను ఆపుతుంది.
3. ఎస్.ఎం.ఎస్.లు చదవడానికి ప్రోగ్రాంకు మన .................... కావాలి.

14.6 గుర్తించడం ఎలా?

కింది వాటిలో ఏది కనిపించినా అనుమానించండి :
• కాల్ చేయకుండానే బ్యాలెన్సు తగ్గడం;
• రీచార్జి చేసిన కొద్దిసేపటికే కొంత డబ్బు కోతపడడం;
• మీరు కోరని సేవ ‘ప్రారంభమైంది’ అని ఎస్.ఎం.ఎస్. రావడం;
• వై-ఫై తనంతట తాను ఆగిపోతూ ఉండడం;
• టార్చిలైటు, వాల్‌పేపర్ వంటి చిన్న యాప్ ఎస్.ఎం.ఎస్. అనుమతి అడగడం.

అయితే బ్యాలెన్సు తగ్గిన ప్రతిసారీ దొంగ ప్రోగ్రామే కారణం కాదు. ప్యాకు గడువు ముగిసి ఉండవచ్చు. పిల్లలు ఆడుకుంటూ ఏదైనా బటన్ నొక్కి ఉండవచ్చు. ముందు లెక్క చూడండి, తరువాత నిర్ణయించండి.

14.7 వెంటనే ఏమి చేయాలి?

మెట్టు 1. ఫోన్‌ను విమానం గుర్తున్న ‘ఏరోప్లేన్ మోడ్’లో పెట్టండి. వై-ఫై కూడా ఆపండి. దీనితో కొత్త ఖర్చు ఆగుతుంది.

మెట్టు 2. ఎస్.ఎం.ఎస్.లను తుడిచివేయకండి. తేదీ, సమయం, కోతపడిన మొత్తం, సేవ పేరు కాగితం మీద రాసుకోండి. వీలైతే తెరను ఫొటో తీసి ఉంచండి. కోపంతో అన్నీ తుడిచేసినవారి దగ్గర రేపు చూపడానికి ఏమీ మిగలదు.

మెట్టు 3. డబ్బు పోవడం మొదలైన రోజులలో కొత్తగా వేసిన యాప్‌లు ఏవో సెట్టింగ్స్‌లో చూడండి. అనుమానం ఉన్న యాప్ పేరు రాసుకుని, దాని అనుమతులు రద్దు చేసి, తొలగించండి. తొలగకపోతే ఫోన్‌ను ‘సేఫ్ మోడ్’లో తెరిచి ప్రయత్నించండి. తరువాత ప్లే స్టోర్‌లోని ‘ప్లే ప్రొటెక్ట్’ ద్వారా పరీక్ష చేయండి.

మెట్టు 4. నెట్‌వర్క్ మళ్లీ తెరిచి, మీ నంబరు నుంచే 155223కు ఉచితంగా కాల్ చేసి సేవను రద్దు చేయించండి. అదనపు సేవల రద్దు కోసం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా పెట్టించిన నంబరు ఇది. ట్రాయ్ 2013 జూలైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం అదనపు సేవ ప్రారంభించడానికి వినియోగదారుడి అంగీకారం రెండుసార్లు తీసుకోవాలి. సేవ మొదలైన 24 గంటలలోగా వద్దని చెబితే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. కాబట్టి ఆలస్యం చేయకండి.

14.8 ఫిర్యాదు చేయడం

సేవ ఆగినంత మాత్రాన పోయిన డబ్బు తిరిగి రాదు. దానికి ఫిర్యాదు కావాలి.

మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి చెప్పండి. వారు ఇచ్చే డాకెట్ నంబరు తప్పక రాసుకోండి. ఆ నంబరు లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్లే కాదు. ప్రీపెయిడ్ వాడుకరులు కూడా 50 రూపాయలకు మించని రుసుముతో ఖర్చు వివరాల పట్టిక అడగవచ్చు. ఈ హక్కు 2012 నాటి ట్రాయ్ నిబంధనల వల్ల వచ్చింది.

అక్కడ న్యాయం జరగకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజులలోగా రాయండి. దీనికి రుసుము లేదు. అప్పటికీ తృప్తి కలగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం కంపెనీలపై వినియోగదారులు అక్కడ ఫిర్యాదు చేయవచ్చునని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. సలహా కోసం జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది.

ఫోన్‌తో పాటు బ్యాంకు ఖాతా నుంచి కూడా డబ్బు పోతే, క్షణం ఆలస్యం చేయకుండా 1930కు కాల్ చేయండి. దొంగ ప్రోగ్రాంను ఒకరి ఫోన్‌లోకి చొప్పించడం సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం నేరం. సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఫిర్యాదు నమూనా

అయ్యా,
నా ఫోన్ నంబరు .................... నుంచి తేదీ .................... న .................... అనే సేవ పేరున రూ. .......... కోత విధించారు. ఈ సేవను నేను కోరలేదు. నా ఫోన్‌లో .................... అనే యాప్ నాకు తెలియకుండా ఈ పని చేసినట్లు అనుమానం. తేదీ .................... న ఆ యాప్‌ను తొలగించి, 155223 ద్వారా సేవను రద్దు చేయించాను. నేను రెండుసార్లు అంగీకారం తెలిపినట్లు మీ వద్ద ఉన్న ఆధారం చూపవలసిందిగా, లేనిచో నా డబ్బు తిరిగి జమచేయవలసిందిగా కోరుతున్నాను. డాకెట్ నంబరు : ....................
ఇట్లు,
(సంతకం)

‘ఆధారం చూపండి’ అనే వాక్యాన్ని గమనించండి. కంపెనీ రికార్డులో మీ పేరు ఉన్నంత మాత్రాన మీరు కోరినట్లు కాదు. అంగీకారం ఎప్పుడు, ఎలా తీసుకున్నారో అడగడం మీ హక్కు.

14.9 ముందు జాగ్రత్తలు

• వాట్సాప్‌లో గాని, ఎస్.ఎం.ఎస్.లో గాని వచ్చిన ఏ.పి.కె. ఫైలును నొక్కకండి. ప్రభుత్వ పథకం అని, ట్రాఫిక్ చలానా అని, పెళ్లి పత్రిక అని రాసి ఉన్నా నొక్కకండి.
• యాప్ చేసే పనికి, అది అడిగే అనుమతికి పొంతన ఉన్నదా అని చూడండి.
• ప్యాకు కాక విడిగా వేసే బ్యాలెన్సు అవసరమైనంతే ఉంచండి.
• విదేశాలకు కాల్ చేసే పని లేకపోతే ఐ.ఎస్.డి. సౌకర్యాన్ని మూయించండి. గల్ఫ్‌లో ఉన్న మనవారితో మాట్లాడవలసినవారు వారి నంబర్లు పేర్లతో దాచుకుని, తెలియని విదేశీ నంబర్లకు తిరిగి కాల్ చేయకండి.
• వారానికి ఒకసారి బ్యాలెన్సు చూసి పద్దులో రాయండి.

పాఠగత ప్రశ్నలు 14.2

1. అదనపు సేవను రద్దు చేయడానికి ఏ నంబరుకు కాల్ చేయాలి?
2. ఫిర్యాదు చేసినప్పుడు తప్పక రాసుకోవలసినది ఏది?
3. యాప్‌ను తొలగించక ముందే వివరాలు ఎందుకు రాసుకోవాలి?

కృత్యం

మీ ఇంట్లోని ఒక ఫోన్ తీసుకోండి. సెట్టింగ్స్‌లో ఎస్.ఎం.ఎస్. అనుమతి ఉన్న యాప్‌ల జాబితా చూడండి. ఒక్కొక్కదాని ఎదుట ‘అవసరం’, ‘అనవసరం’ అని రాయండి. అనవసరమైన వాటికి అనుమతి రద్దు చేయండి. చదవడం రాని పెద్దవారు ఇంట్లో ఉంటే వారి ఫోన్‌తోనే మొదలుపెట్టండి.

మీరు నేర్చుకున్నది

• దొంగ ప్రోగ్రాం మన ఫోన్ చేతనే సేవలను కోరిస్తుంది. అందుకే ఖర్చు మన పేరున పడుతుంది.
• డబ్బు కాల్, ఎస్.ఎం.ఎస్., నేరుగా బిల్లులో కలపడం అనే మూడు దారులలో పోతుంది.
• ఖర్చు ఆపడం, ఆధారం దాచడం, యాప్ తొలగించడం, సేవ రద్దు చేయించడం, ఫిర్యాదు చేయడం – ఈ వరుసలో పనిచేయాలి.
• మొత్తం చిన్నదైనా అడగాలి. ఎవరూ అడగరనే ధైర్యంతోనే ఈ మోసం సాగుతుంది.

పాఠాంత ప్రశ్నలు

1. “ఈ దొంగ మన పేరు చెప్పి అంగడిలో అరువు పెడతాడు” – ఈ వాక్యాన్ని వివరించండి.
2. నేరుగా బిల్లులో కలిపే మోసం జరిగే క్రమాన్ని సొంత మాటలలో రాయండి.
3. పొరుగింటివారి ఫోన్‌లో రోజుకు 3 రూపాయలు కోతపడుతున్నాయి. నెలకు ఎంత నష్టం? వారికి మీరిచ్చే సలహాలు రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

14.1 : 1. మోల్దోవా 2. వై-ఫై 3. అనుమతి
14.2 : 1. 155223 2. డాకెట్ నంబరు 3. డబ్బు తిరిగి కోరేటప్పుడు ఆధారంగా చూపడానికి