బేరానికి ముందు బెల్టు లాగి చూడు

విజయవాడ

చిరంజీవి అమ్మలూ,

నువ్వు పంపిన పదకొండు ఫొటోలూ మీ అత్త ఫోనులో పెద్దవి చేసుకుని రెండుసార్లు చూశాను. 2019 మోడల్ స్విఫ్ట్, పెట్రోలు బండి, 48 వేల కిలోమీటర్లు, సింగిల్ ఓనరు, డాక్టరు గారు వాడిన బండి. "కన్సల్టెన్సీ అతను ఐదు లక్షలు చెబుతున్నాడు, ఎంతకు అడగమంటావు మామయ్యా?" అని రాశావు. ఆ ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పలేను తల్లీ. బండి ఇన్నేళ్లలో ఏమేం పడిందో తెలిస్తేనే దాని ధర తెలుస్తుంది. ముందే బేరం కుదుర్చుకుంటే, ఆ తర్వాత కంటికి కనిపించిన లోపానికి కూడా మనమే సర్దిచెప్పుకుంటాం. ఆటోనగర్ షెడ్డులో ముప్పయ్యేళ్లు టింకరింగ్ పని చేయించినవాణ్ని, అలా సర్దిచెప్పుకుని కొన్నవాళ్లు ఆరు నెలలకే నా దగ్గరికి రావడం చాలాసార్లు చూశాను.

ముందు నీ ఫొటోల సంగతి. అన్నింట్లోనూ బండి తడిగా ఉంది, అప్పుడే కడిగినట్టున్నారు. తడి మీద రంగు తేడా తెలియదు, చిన్న సొట్ట కనపడదు. మూడో ఫొటోలో ఎడమవైపు హెడ్‌లైటు తళతళలాడుతోంది, కుడివైపుది కాస్త పసుపు తిరిగింది. రెండూ ఒకే రోజు బిగించినవైతే ఒకేలా పాతబడాలి కదా. అంటే ఎడమ ముందు భాగానికి ఎప్పుడో దెబ్బ తగిలింది. "చిన్న గీత పడితే లైటు మార్చాం" అన్నాడన్నావు. నిజమే కావచ్చు. కానీ అది చిన్న గీతా, పెద్ద గుద్దా అన్నది అతను చెప్పనక్కర్లేదు, బానెట్ ఎత్తితే ఇనుమే చెబుతుంది.

శనివారం పొద్దున్నే వెళ్లు. నువ్వొచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పు, కడగవద్దని కూడా చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఆ పూటకు తిరిగొచ్చెయ్. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు బయటపడే రోగాలు వేడెక్కిన ఇంజన్‌లో దాక్కుంటాయి.

ఎడమ ఫెండరును పట్టి ఉంచే బోల్టులు బానెట్ కింద అంచు వెంబడి వరసగా ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన బోల్టు తల మీద రంగు చెక్కుచెదరదు. స్పానరు పడితే మూలల్లో రంగు రాలిపోయి ఇనుము తెల్లగా కనిపిస్తుంది. అక్కడ స్పానరు పడిందంటే ఫెండరు ఊడదీశారన్నమాట. అంతమాత్రాన బండి వదిలేయమనను. బంపరు, ఫెండరు, తలుపు, ఇవన్నీ బోల్టులతో వచ్చేవి, బోల్టులతో పోయేవి. భయపడాల్సింది వెల్డింగుతో ఉన్నవాటికి. ఫెండరు వెనక లోపలివైపు ఉండే ఏప్రాను, తలుపుల మధ్య పిల్లర్లు చూడు. కంపెనీ మర పెట్టిన వెల్డింగు చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి. తలుపు రబ్బరు బీడింగు కొంచెం లాగితే పిల్లరు మీదవి కనిపిస్తాయి. ఆ చుక్కలు లేకపోయినా, వంకరగా ఉన్నా, సీలెంటు చేత్తో పూసినట్టున్నా ఆ బండి వద్దు. ఒకసారి ముడుచుకున్న ఏప్రాను మళ్లీ గుద్దుకుంటే లోపలున్నవాళ్లను మొదటిసారిలా కాపాడదు. షెడ్డులో మేం ఎంత నేర్పుగా లాగి సరిచేసినా ఆ బలం తిరిగి రాదు.

ఒక చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టుకుని తీసుకెళ్లు. రేకు మీద అది అతుక్కోవాలి. పుట్టీ మందంగా పెట్టిన చోట జారిపోతుంది. బంపరు ప్లాస్టిక్ కాబట్టి అక్కడ చూడక్కర్లేదు. నీతో తీసుకెళ్లే మెకానిక్ దగ్గర పెయింటు మందం కొలిచే మీటరుంటే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క తలుపు దగ్గర మాత్రం అంకె 300 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. అద్దాల మూలల్లో తయారీ గుర్తులుంటాయి, అవన్నీ ఒకే కంపెనీవా, ఒకే కాలానివా చూసుకో.

ఇంకొకటి, ఇది చాలామంది అడగరు. పాత ఇన్సూరెన్స్ పాలసీ చూపించమను. అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంతో రాసి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, వరసగా అయిదేళ్లు గడిస్తే 50 శాతం. ఒకే ఓనరు, ఆ చిన్న గీత తప్ప ఏమీ జరగలేదంటున్నాడు కాబట్టి ఆ అంకె 50 ఉండాలి. 20 ఉందనుకో, ఈమధ్యే ఓ క్లెయిమ్ అయ్యుండాలి, లేదా పాలసీ మధ్యలో తెగిపోయి ఉండాలి. ఏది జరిగిందో అడుగు, కాగితం చూపించమను.

ఇక నీళ్ల సంగతి. అసలు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది దీనికోసమే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నువ్వు మా గురించి కంగారుపడి ఎన్నిసార్లు ఫోను చేశావో గుర్తుందా? ఆ నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. నీళ్లు తీశాక వీధుల్లో వరసగా నిలబడ్డ కార్లను చూశాను, స్టీరింగు మీద, సీట్ల మీద బురద పొర కట్టుకుని ఉంది. లోను తీరని బండ్లే ఎక్కువ. ఆ ఇళ్లవాళ్ల ముఖాలు మరిచిపోలేను. బాగు చేయించుకున్నవాళ్లు చేయించుకున్నారు. బాగుచేత ఖర్చు బండి విలువకు దగ్గరపడితే ఇన్సూరెన్సువాళ్లు టోటల్ లాస్ కింద డబ్బు కట్టేస్తారు. ఆ బండ్లు తర్వాత వేలంలో అమ్ముడవుతాయి. కొన్నవాడు కడిగి, సీటు కవర్లు మార్చి, వేరే ఊళ్లో అమ్మకానికి పెట్టవచ్చు. చెప్పి అమ్మితే అందులో తప్పు లేదు. చెప్పకుండా అమ్మడం మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. మీ హైదరాబాద్ 2020 అక్టోబరులో ఎలా మునిగిందో నీకు తెలుసు. నువ్వు చూసిన బండి 2019ది. ఆ రెండు వరదలప్పుడూ అది ఎక్కడో ఒకచోట నిలబడే ఉంది కదా, ఎక్కడ నిలబడిందన్నదే మనకు కావలసిన సంగతి.

నీళ్లు ఇంజన్‌లోకి వెళ్లాక ఎవరైనా తాళం తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, ఎందుకంటే సిలిండరులో గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. అయినా ఇంజన్ విప్పి బాగు చేయవచ్చు. బాగుకానిది వైరింగు. బురద నీళ్లు కనెక్టర్లలోకి దిగి, రాగి పచ్చగా చిలుము పడుతుంది. అది నెలల తరబడి తింటుంది. కొన్న రోజున అన్నీ వెలుగుతాయి.

నా స్నేహితుడొకడు చాలా ఏళ్ల కిందట ఒక పాత కారు చూడమన్నాడు. నేను ఇంజన్ చప్పుడు విన్నాను, ఓ రౌండు తిప్పాను, "ఇంజన్ బంగారం, తీసుకో" అన్నాను. కార్పెట్ ఎత్తి చూడలేదు. ఎనిమిది నెలల తర్వాత చిలకలూరిపేట దాటాక, అర్ధరాత్రి హైవే మీద, బండిలో లైట్లతో సహా అన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. వెనకొస్తున్న లారీ డ్రైవరు చూసి బ్రేకు వేశాడు కాబట్టి అందరూ బతికారు. మర్నాడు షెడ్డుకు తెచ్చి విప్పితే డ్యాష్‌బోర్డు వెనక ఎండిన బురద. "బంగారం" అన్న మాట నాది. ఆ రాత్రి వాడు చేసిన ఫోను ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకే చెబుతున్నాను, సీటు బెల్టు చివరిదాకా లాగు. రోజూ బయట ఉండే భాగాన్ని అందరూ కడుగుతారు. లోపల చుట్టుకుని ఉండే చివరి మూరను ఎవరూ కడగరు. అక్కడ మట్టి చార గానీ, అడ్డంగా మరక గానీ ఉందేమో చూడు. అన్ని బెల్టులూ చూడు. బెల్టు అడుగున తయారైన తేదీ చీటీ ఉంటుంది. 2019 బండికి 2024 బెల్టు ఉంటే ఎందుకు మార్చారో అడగాలి. తర్వాత డిక్కీలో స్టెప్నీ ఎత్తి ఆ గుంట అడుగు తడిమి చూడు. ముందు సీట్లు వెనక్కి జరిపి వాటి పట్టాలు, బోల్టులు చూడు. అక్కడ ఊరికే తుప్పు రాదు. కార్పెట్ మూల ఎత్తి కింద అంటించిన ఫోమును వేలితో నొక్కు. ఎక్కగానే ఘాటైన సెంటు వాసన వస్తే, అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, పది నిమిషాలు లోపలే కూర్చో. తడిసిన ఫోము వాసన ఆ సెంటును దాటుకుని పైకొస్తుంది.

ఇది అయ్యాకే ఇంజన్. తాళం ఆన్ చేసి ఆగు. మీటరులో హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలిగి, కాసేపటికి ఎయిర్‌బ్యాగ్‌ది ఆరిపోవాలి, ఇంజన్ లైటు స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం, ఎవరో దాన్ని కావాలని ఆపి ఉండవచ్చు. స్టార్ట్ చేశాక పొగ నీలంగా ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోంది, ఇంజన్ బోరుకు వచ్చినట్టు. ఆయిల్ మూత తీస్తే కింద మజ్జిగ మీగడలా తెల్లగా ఉంటే కూలెంటు కలుస్తోందేమోనని అనుమానించాలి. రేడియేటరు మూత మాత్రం ఇంజన్ వేడిగా ఉండగా ముట్టుకోకు, ముఖం కాలుతుంది. రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఎక్కించు, ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోనివ్వు. టక్ టక్ మంటే యాక్సిల్ జాయింట్లు పోయాయి. అవి ఖర్చుతో పోయేవి, ధరలో తగ్గించుకోవచ్చు.

ఏడో ఫొటోలో క్లచ్ పెడల్ రబ్బరు మీది గీతలు అరిగి నున్నగా ఉన్నాయి. 48 వేలకే అంతలా అరగడం నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మీటరు తిప్పి ఉండవచ్చు. కంపెనీ సర్వీసు సెంటరుకు వచ్చిన ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసి ఉంటుంది, ఆ సర్వీసు హిస్టరీ మొత్తం తెప్పించమను.

కాగితాలు నీకు తెలిసినవే. పరివాహన్‌లో నంబరు కొట్టి ఓనరు వరస, ఫైనాన్స్ ఉందా, చలాన్లు పెండింగా చూసుకో. ఫైనాన్స్ తీరితే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 కావాలి. ఫారం 29, 30 మీద సంతకాలు ఓనరు నీ ముందు కూర్చుని చేయాలి. సీ బుక్కులో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన నంబరుతో ఒక్కో అక్షరం పోల్చు. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ నీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టు.

కన్సల్టెన్సీ అతను చూపించిన మెకానిక్ వద్దు. వేరేవాణ్ని నీ డబ్బుతో, స్కానరుతో సహా తీసుకెళ్లు. చెప్పడానికి మొహమాటపడకు.

అక్కడి నుంచే నాకు అయిదు ఫొటోలు పంపు: ఎడమ ఫెండరు బోల్టులు, ఏప్రాను లోపలివైపు, స్టెప్నీ గుంట, డ్రైవరు సీటు పట్టాలు, బెల్టు చివరి మూర. వెంటనే చూసి ఫోను చేస్తాను. మీ అత్త కూడా పక్కనే ఉంటుంది. నేను ఫోను చేసేదాకా అడ్వాన్సు ఒక్క రూపాయి ఇవ్వకు.

ఆశీస్సులతో,
మామయ్య