అంతరించిన జాతులు – ప్రమాదంలో ఉన్న జాతులు: భేదం, ప్రాముఖ్యం

‘అంతరించిన జాతి’, ‘అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి’ అనే పదాలను ఒకే అర్థంలో వాడటం తరచుగా కనిపిస్తుంది. ఈ రెండింటి భేదం కేవలం సంఖ్యకు సంబంధించినది కాదు. మొదటి దానిలో సంరక్షణకు అవకాశం ముగిసింది. రెండవ దానిలో మిగిలి ఉన్నది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నిర్వచనం ప్రకారం, చివరి ప్రాణి మరణించిందనడంలో సహేతుకమైన సందేహం లేనప్పుడే ఒక జాతి అంతరించినట్లు పరిగణిస్తారు. అందుకు ఆ జాతి నివసించగల ప్రాంతాలన్నింటిలో, దాని జీవన విధానానికి అనువైన వేళల్లో, ఋతువుల్లో సమగ్రంగా అన్వేషించాలి. ముప్పు స్థాయిని మాత్రం కొలమానాలతో నిర్ణయిస్తారు. ఉదాహరణకు, సంతానోత్పత్తి సామర్థ్యం గల ప్రాణులు 250 కంటే తక్కువైతే ఆ జాతి ప్రమాదంలోను, 50 కంటే తక్కువైతే తీవ్ర ప్రమాదంలోను ఉన్నట్లు. సంఖ్య అధికంగా ఉన్నా, క్షీణత వేగాన్ని బట్టి కూడా ఈ వర్గాలలో చేరుస్తారు.

ఒక దేశంలో కనుమరుగైనంత మాత్రాన జాతి అంతరించినట్లు కాదు. 1952లో భారతదేశంలో చీతా అంతరించినట్లు ప్రకటించినా, ఆఫ్రికాలో అది మిగిలి ఉన్నందువల్లనే 2022లో నమీబియా నుండి కూనో జాతీయ ఉద్యానానికి తీసుకురావడం సాధ్యమైంది.

తగిన అన్వేషణ లేని నిర్ధారణ ఎంత పొరపాటో కలివికోడి నిరూపించింది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత కనిపించక, అంతరించిందని భావించబడింది. 1986లో కడప జిల్లాలో స్థానికుల సహకారంతో దానిని తిరిగి కనుగొన్నారు. అది నిశాచరి, పొదల అడవులలో సంచరిస్తుంది. నేడు తీవ్ర ప్రమాదంలో ఉన్న ఈ పక్షికి పొదల నరికివేత, అతిమేత ప్రధాన ముప్పులు.

రాబందుల క్షీణత వ్యవసాయ విస్తరణకు నేరుగా సంబంధించినది. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అవశేషాలున్న కళేబరాలను తిని, మూత్రపిండాలు చెడిపోయి అవి పెద్ద సంఖ్యలో మరణించాయి. 2006లో పశువైద్యంలో ఈ మందును నిషేధించారు. రాబందులకు సురక్షితమైన మెలాక్సికామ్ ప్రత్యామ్నాయంగా ఉన్నది.

అంతరించిన జాతికి కారణాలను నమోదు చేయగలం. ప్రమాదంలో ఉన్న జాతికి కారణాలను తొలగించగలం. పొదల భూమిని ‘బంజరు’ అని కొట్టివేయరాదనీ, పశువుకు సరైన మందునే వాడాలనీ రైతుకు తెలియజేయడం విస్తరణ శాస్త్రవేత్త చేయదగిన సంరక్షణ కృషి.