టర్బో ఇంజనుకు చల్లగాలి

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు చేస్తే కవిత రాద్దామని కూర్చున్నాం, రాలేదు. మాకు వచ్చింది ఇంజన్ల సంగతి. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళలో మేమే మొదలు. ఇప్పుడు ఎం.టెక్.లో థర్మల్ ఇంజనీరింగ్ చదువుతున్నాం. అందుకని మా బావ బండి దగ్గర మొదలుపెట్టి ఒక పాఠం చెబుతాం.

బావ అద్దెకు తిప్పేది టర్బో డీజిల్ బండి. బానెట్ మీద ముక్కులాంటి గాలి దారి ఉండే రకం. పోయిన మే నెలలో శ్రీశైలం ఘాట్‌లో బస్సుల వెనకాల మెల్లగా ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా పికప్ పడిపోయేది, నల్లపొగ వచ్చేది. ఇంటర్‌కూలర్ పెద్దది వేయించాలని ఒక మెకానిక్ చెప్పాడట. బావ అప్పటికే వడ్డీకి డబ్బు అడిగి వచ్చాడు. "నువ్వు చదివేది ఇదే కదరా, ఒకసారి చూసి చెప్పు" అని అక్క ఫోన్ చేసింది. పరీక్షలో లెక్క తప్పితే మార్కులు పోతాయి. ఇక్కడ తప్పితే అక్కావాళ్ళ డబ్బు పోతుంది. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

టర్బో చేసే పని తేలికే. ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంధనం బాగా మండుతుంది. చిక్కల్లా ఏమిటంటే, గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టాక దాని అడుగు పట్టుకు చూడండి.

ఒక లెక్క వేద్దాం. బయట 40 డిగ్రీల సెల్సియస్, పీడనం రెట్టింపు, కంప్రెసర్ దక్షత 70 శాతం అనుకుంటే, నొక్కిన గాలి సుమారు 138 డిగ్రీలకు చేరుతుంది. వేడిగాలి పలచన. అందుకే పీడనం రెట్టింపైనా సాంద్రత 1.52 రెట్లే అవుతుంది. (ఇక్కడ ఉష్ణోగ్రతకు 273 కలిపి కెల్విన్‌లోకి మార్చడం మరవకండి. మేము మొదటి సెమిస్టరులో మరిచిపోయి మార్కులు పోగొట్టుకున్నాం.) ఈ వేడిని తీసేదే ఇంటర్‌కూలర్. రేడియేటరులాగానే ఉంటుంది గానీ లోపల నీళ్ళకు బదులు గాలి నడుస్తుంది. దాని సామర్థ్యం 70 శాతమైతే 138కీ 40కీ మధ్య ఉన్న తేడాలో 70 శాతం తగ్గిస్తుంది. గాలి 70 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, సాంద్రత 1.82 రెట్లవుతుంది.

ఇప్పుడు అసలు మెలిక. అదే ఇంటర్‌కూలర్ రెక్కల మీదికి 40 డిగ్రీల బయటి గాలి కాకుండా, ఇంజను పక్కన కాగిన 70 డిగ్రీల గాలి తగిలిందనుకోండి. లోపలి గాలి 90 దగ్గరే ఆగిపోతుంది, సాంద్రత 1.72కు పడిపోతుంది. పరికరం మారలేదు, దానికి అందిన గాలి మారింది. పెద్దది వేసినా అదే వేడిగాలి తగిలితే, తనకు తగిలే గాలికన్నా చల్లగా అది దేన్నీ చల్లార్చలేదు. పైగా పెద్దదైతే లోపల పీడనం కొంత తగ్గే అవకాశం కూడా ఉంది.

సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్‌లో, మన రోడ్ల మీద తిరిగే స్కార్పియో ఎమ్‌హాక్‌లో ఇంటర్‌కూలర్ ఇంజను నెత్తి మీద ఉంటుంది. గొట్టాలు పొట్టిగా ఉండటం దీని లాభం. కానీ కింద పొయ్యి ఉన్నట్టే. బండి వేగంగా పోతే ముక్కులోంచి గాలి వస్తుంది. నెమ్మదిస్తే కిందినుంచి వేడి పైకి ఎక్కుతుంది. ఘాట్‌లో బస్సు వెనకాల జరిగేది ఇదే.

బావ బండి బానెట్ ఎత్తి చూశాం. ముక్కు నుంచి ఇంటర్‌కూలర్ దాకా గాలిని చేర్చే దారి అంచున ఉండాల్సిన రబ్బరు పట్టీ లేదు. ఎప్పుడో రిపేరులో తీసి మళ్ళీ పెట్టలేదు. వచ్చిన చల్లగాలి పక్కలకు జారిపోతోంది, ఇంజను వేడిగాలి లోపలికి కలుస్తోంది. రెక్కల నిండా దుమ్ము, పురుగులు. టర్బో మీది రేకు గలగలమంటోందని ఎవరో పీకేశారు. ఆ రేకు అలంకారం కాదు. కాలిన లోహం నుంచి వెలువడే వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మెరిసే రేకు, దాని వెనక కొంచెం ఖాళీ ఉంటే చాలా వేడి అక్కడే ఆగిపోతుంది. పట్టీ వేశాం, రేకు బిగించాం, రెక్కలు వంగకుండా తక్కువ ఒత్తిడి నీళ్ళతో కడిగాం.

తర్వాతి ట్రిప్పులో నల్లపొగ బాగా తగ్గిందని బావ చెప్పాడు. మరీ నత్తనడక నడిచేటప్పుడు మాత్రం ఇంకా కొంచెం బరువుగానే ఉంటుందట. ఉండదా మరి, ముక్కులోకి గాలే రానప్పుడు! అప్పు మాత్రం తీసుకోలేదు.

"బానెట్ వెనక అంచు కొంచెం ఎత్తి పెడితే వేడి పోదా?" అని బావ అడిగాడు. నిలబడి ఉన్న బండికి పోతుంది. పరిగెత్తే బండికి అద్దం మొదట్లో గాలి పీడనం ఎక్కువ, అక్కడినుంచి గాలి లోపలికే రావచ్చు. పొగ గొట్టానికి గుడ్డలాంటి పట్టీ చుట్టడం కూడా కొందరు చేస్తారు. వేడి ఆపుతుంది గానీ తడి పట్టి ఉంచి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. నీళ్ళు చల్లే పద్ధతి మాత్రం నిజంగా ఉంది. కిలో నీరు ఆవిరైతే సుమారు 2,260 కిలోజౌళ్ళ వేడి తీసుకుపోతుంది. సుబారు వాళ్ళ ఎస్‌టీఐ కార్లు కొన్నింటిలో ఇంటర్‌కూలర్ మీద నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఉండేది. అలాగని బాటిల్ నీళ్ళు గుమ్మరించవద్దని బావకు గట్టిగా చెప్పాం, కాలిన టర్బో మీద పడితే పోత ఇనుము పగలవచ్చు. ఘాట్ ఎక్కగానే ఇంజను కట్టెయ్యకుండా ఒక నిమిషం ఊరికే నడవనిమ్మన్నాం. నడిచే ఆయిల్ టర్బో బేరింగును చల్లారుస్తుంది, లేకపోతే అక్కడే మాడి గట్టిపడుతుంది.

ఇంకొకటి మిగిలింది. ఇంటర్‌కూలర్ దాటిన గాలి ఇంజను కిందినుంచి బయటికి పోవాలి. కింద ఉండే పళ్ళెం లాంటి రేకు ఊడిపోతే రోడ్డు మీది గాలి ఎదురెక్కి ఆ దారికి అడ్డొస్తుంది. బావ బండికి అదీ లేదు. దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు బిగించాలి.