బీటిల్‌కి ఏ ఆయిల్ పోయాలి?

షెడ్డుకి పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వచ్చిందంటే మెకానిక్ చెయ్యి దానంతటదే ట్వంటీ-ఫిఫ్టీ డబ్బా మీదికి పోతుంది. పాత బండి, నీళ్లు లేని ఇంజను, బయట మే నెల ఎండ. ఎంత చిక్కటి ఆయిలైతే అంత మంచిదని లెక్క. ఈ లెక్క సగమే నిజం.

బీటిల్‌కి రేడియేటర్ ఉండదు. ఇంజనును చల్లబరిచేవి ఫ్యాను గాలి, రెండున్నర లీటర్ల ఆయిలు, అంతే. ఫ్యాను గాలి దారిలో చిన్న ఆయిల్ కూలర్ నిలువుగా ఉంటుంది. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ప్రెషర్ పెరిగి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు ఆయిల్ కూలర్‌లోకి పోకుండా అడ్డదారిన నేరుగా బేరింగులకు వెళ్తుంది, ఎక్కువైంది ఛాంబర్‌లోకి దిగిపోతుంది. వేడెక్కి పలచబడ్డాకే కూలర్ దారి పడుతుంది. కావలసినదానికన్నా చిక్కటిది పోశారా, అది అంతసేపూ కూలర్ గుమ్మం తొక్కదు. కూలర్ కింది రబ్బరు సీళ్ల మీదా ప్రెషర్ పెరుగుతుంది. పాత సీళ్లయితే కారడం మొదలవుతుంది.

ఆ రోజుల్లో కంపెనీ మాన్యువల్ వేసవికి ఎస్‌ఏఈ 30, బాగా వేడి దేశాలకు ఎస్‌ఏఈ 40 పొయ్యమంది. అంటే మన ఎండల్లోనూ 40 దాకా వస్తే చాలు. ఇంజను గట్టిగా ఉంటే 15డబ్ల్యూ-40 నిశ్చింతగా పొయ్యొచ్చు. బేరింగులు అరిగి, వేడెక్కాక ఐడ్లింగులో ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటుంటే 20డబ్ల్యూ-50కి వెళ్లండి. అది మందే కానీ వైద్యం కాదని ఓనరుకు ముందే చెప్పండి. అనుమానంగా ఉంటే గేజి పెట్టి చూడండి: 70 డిగ్రీల ఆయిల్‌తో, 2500 ఆర్‌పీఎం దగ్గర 28 పీఎస్‌ఐ కన్నా తగ్గితే ఇంజను విప్పాల్సిందే.

చిక్కదనం తర్వాత చూడాల్సింది జింకు. బీటిల్ టాపెట్లకు రోలర్లు లేవు, క్యామ్ మీద నేరుగా రాసుకుంటాయి. ఆ రాపిడిని తట్టుకునేలా ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ కలిసిన మందు ఉంటుంది. కొత్త కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎమ్ నుంచి 5డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతం దాటనివ్వడం లేదు. ఎంత ఖరీదైన డబ్బా అయినా అలాంటిది ఈ ఇంజనుకు పనికిరాదు. ఓనరు ఎక్కడో చదివి మెరిసే సింథటిక్ టిన్ను పట్టుకొస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. లారీలకు పోసే సీఐ-4 రకం 15డబ్ల్యూ-40కి ఆ పరిమితి లేదు, పైగా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. డబ్బా వెనక సీఐ-4 పక్కన ఎస్‌ఎల్ అని కూడా ఉంటే ఇంకా మేలు. క్యామ్ కొత్తది వేసినప్పుడు మాత్రం స్టార్టు చేసి ఐడ్లింగులో వదిలేయొద్దు; ఇరవై నిమిషాలు 2000 ఆర్‌పీఎం దగ్గర నడపండి.

దీనికి పేపరు ఫిల్టరు ఉండదు, అడుగున ఇనుప జాలీ ఒక్కటే. సన్నటి మట్టి ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది. అందుకే 5000 కిలోమీటర్లకు మార్చాల్సిందే, బండి తిరగకపోయినా ఏడాదికోసారి. జాలీ ప్లేటుకు ఆరు చిన్న నట్లుంటాయి. పది నంబరు స్పానరు చివర పట్టుకుని గుంజితే మెగ్నీషియం కేసులోంచి స్టడ్డే ఊడొస్తుంది. ఏడు న్యూటన్ మీటర్లు చాలు, అంటే రెండు వేళ్ల బిగువు. ప్యాకింగులు రెండూ, రాగి వాషర్లూ ప్రతిసారీ కొత్తవే వెయ్యండి. పాత వాషరు తిప్పి వేస్తే మిగిలేది పది రూపాయలు, పోయేది ఓనరు ఇంటి టైల్సు మీద మరక. తిట్లు మీకే.

పాత ఆయిల్ దించేముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు కంపు కొడుతూ లెవెల్ గీత దాటి ఉంటే పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగి ఛాంబర్‌లోకి పెట్రోలు దిగుతుండొచ్చు. పంపు సంగతి తేల్చకుండా ఏ గ్రేడు పోసినా వారంలో నీళ్లలా పలచబడుతుంది. పంపు మార్చి, ఆ తర్వాతే ఆయిల్ పోసి, గ్రేడు, తేదీ, కిలోమీటర్లు జాబ్ కార్డు మీద రాసి ఇవ్వండి.