సముద్రం లోతు చూసిన సర్వేయరు – మైకేల్ టాపింగ్

మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో సముద్రాన్ని పటంలో చూసినవాళ్లే ఎక్కువ. ఆ పటంలోని మన కోస్తాను పద్ధతి ప్రకారం కొలిచిన తొలితరం వారిలో మైకేల్ టాపింగ్ ఒకరు. 1747లో పుట్టిన ఈ ఇంగ్లీషు దొర 1780లలో మద్రాసుకు వచ్చి, ఈస్టిండియా కంపెనీ తరఫున మచిలీపట్నం, కోరింగ తీరాలను సర్వే చేశాడు.

నీటిమీద గొలుసు లాగలేం కదా! అందుకే ఆ కాలపు సర్వేయర్లు ఒడ్డున కనిపించే గోపురమో, తాటిచెట్టో గుర్తు పెట్టుకొని పడవ నుండి కోణాలు తీసేవారు. పదో తరగతి త్రికోణమితిలో దీపస్తంభం, ఓడ లెక్కలు మనల్ని ఏడిపిస్తాయే, అదే పని! లోతు తెలియడానికి తాడుకు సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలేవారు. గుండు అడుగున కొవ్వు పూస్తే ఇసుకో బురదో అంటుకొని వచ్చేది. అక్కడ లంగరు నిలుస్తుందో లేదో దాన్నిబట్టి తెలిసేది. పటం మీద లోతును ఆరడుగుల కొలతలో వేసేవారు. మన పెద్దలు చేతులు చాచి తాడు కొలిచే బార ఇంచుమించు అంతే.

మాకు ఈయన మీద గౌరవం కలగడానికి కారణం వేరే ఉంది. సర్వే చేసే మనుషులు చాలక 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టించాడు. మొదటి విద్యార్థులు ఎనిమిదిమంది, అనాథ శరణాలయంలో పెరిగిన పిల్లలు. వాళ్లు మనలాంటి పల్లె పిల్లలు కారు, ఎక్కువగా తెల్ల సిపాయిల సంతానం. అయినా నలుగురిలో తిని, నలుగురిలో పడుకొని చదివినవాళ్లే. జాలితో పెట్టిన అన్నం కాకుండా చేతికి ఒక విద్య దొరికింది వాళ్లకు. ఆ బడే పెరిగి గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది.

మద్రాసు నక్షత్రశాల కట్టించిందీ టాపింగే. అక్కడి రాతిస్తంభం మీద తెలుగు అక్షరాలు కూడా చెక్కారు. కృష్ణా, గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించవచ్చునేమోనని నేల ఎత్తుపల్లాలు కూడా కొలిపించాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. అది చూడకుండానే 1796 జనవరిలో మచిలీపట్నంలో కన్నుమూశాడు.

1800లో నిజాం మన ఆదోని సీమను కంపెనీకి ఇచ్చేశాడు. తర్వాత మెకంజీ దొర మైసూరును, దత్తమండలాలను సర్వే చేసినప్పుడు ఆయన కింద గొలుసు, కోణమానం పట్టుకొని తిరిగినవారిలో ఆ బడి కుర్రాళ్లూ ఉన్నారు.